తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బుల్‌పెన్ తలుపు తెరుచుకుంటే మీకేమవుతుంది? (టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు రిలీవర్ల గురించి)

ఇర్వింగ్_కోడూరు

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మాది రైల్వే కోడూరు. 2022లో ఇర్వింగ్ వచ్చాం. మా ఇంట్లో క్రికెట్ తప్ప ఇంకో ఆట ఊసే ఉండేది కాదు. 2023 ఏప్రిల్‌లో ఆఫీసులో ఒకాయన తన దగ్గర మిగిలిన టికెట్లు ఇస్తే పిల్లాణ్ణి తీసుకుని అర్లింగ్టన్ వెళ్లాను. ఆ రోజుతో రేంజర్స్ మనిషినైపోయాను. సీగర్, సెమియన్, గార్సియా బ్యాటింగ్ చేస్తుంటే పండగలా ఉండేది. ఆరో ఇన్నింగ్స్ దాకా హాయిగా తింటూ చూసేవాణ్ణి. స్టార్టర్ (మొదట్నుంచి వేస్తున్న పిచ్చర్, అంటే బౌలర్) దిగిపోయి, కంచె వెనక బుల్‌పెన్ (మిగతా పిచ్చర్లు సిద్ధమయ్యే చోటు) తలుపు తెరుచుకుని, అతని బదులు వేసే రిలీవర్ పరుగెత్తుకుంటూ వస్తుంటే మాత్రం కడుపులో తిప్పడం మొదలయ్యేది. నాలుగు పరుగుల ఆధిక్యం ఉన్నా నమ్మకం ఉండేది కాదు.

ఆ ఏడాది అక్టోబర్ 20న నేను స్టేడియంలో ఉన్నాను. ఫైనల్‌కి ముందు హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో సిరీస్, ఐదో మ్యాచ్, అప్పటికి చెరి రెండు. వెర్లాండర్ బంతిని గార్సియా మూడు పరుగుల హోమ్ రన్‌గా కొట్టి 4-2 చేసినప్పుడు పక్క సీట్లో ఎవరో తెలియని పెద్దాయన నన్ను కౌగిలించుకున్నాడు. ఎనిమిదిలో గార్సియాకి బంతి తగలడం, రెండు జట్లూ మైదానంలోకి దూసుకురావడం, ఆట చాలాసేపు ఆగిపోవడం మీకందరికీ తెలుసు. అప్పటికే ఎనిమిదో ఇన్నింగ్స్ ముగించిన మన రిలీవర్ లెక్లర్క్ ఆ గొడవంతా అయ్యేదాకా చల్లారిపోయి కూర్చున్నాడు. చివరిదైన తొమ్మిదిలో ఒక సింగిల్, ఒక వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడి బ్యాటర్ ఊరికే బేస్‌కి వెళ్లడం), తర్వాత వాళ్ల అల్టూవే. ఎడమ వైపు గోడ దగ్గర మన ఫీల్డర్ కార్టర్ ఎగిరి చేయి చాచాడు, బంతి గ్లవ్ దాటి వెళ్లిపోయింది. 5-4 హ్యూస్టన్‌కి. నలభై వేల మంది ఉన్న చోట అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. కారు తీసి ఇంటికొచ్చే వరకు మా వాడు ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత ఏమైందో తెలుసు, ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో కప్పు గెలిచాం. అయినా ఇప్పటికీ బుల్‌పెన్ తలుపు తెరుచుకుంటే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. పాతవాళ్లను అడుగుతున్నాను. ఒకసారి అంత ఘోరంగా ఓడించిన మనిషి చేతికి మళ్లీ బంతి ఇస్తుంటే మీరు ఎలా చూడగలుగుతారు? ఊరికే అడగడం లేదు, కారణం ఉంది, తర్వాత చెబుతాను.

పాతకాపు_2011

కోడూరు తమ్ముడూ, రాసినందుకు సంతోషం. నీకు 2023 అక్టోబర్ 20 ఎలాగో నాకు 2011 అక్టోబర్ 27 అలాగ.

అప్పుడు ప్లేనోలో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. సెయింట్ లూయిస్ జట్టుతో వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్ నిజానికి దీపావళి రోజు, 26న జరగాల్సింది. సెయింట్ లూయిస్‌లో వాన పడుతుందని మర్నాటికి మార్చారు. దీపావళికి చేసిన అరిసెలు, కారప్పూస మిగిలితే అవే పళ్లెంలో పెట్టుకుని ఆరుగురం కూర్చున్నాం. మూడు గెలిచి ఉన్నాం, ఇది గెలిస్తే ఈ జట్టు చరిత్రలోనే మొదటి కప్పు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 7-5. మౌండ్ (పిచ్చర్ బంతి వేసే దిబ్బ) మీద మన నెఫ్తాలీ ఫెలిజ్. అంతకు ముందు ఏడాది 40 సేవ్‌లు (ఆధిక్యం కాపాడి మ్యాచ్ ముగించడం) చేసి లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడైన కుర్రాడు. వాళ్ల పుజోల్స్ డబుల్ కొట్టాడు, బర్క్‌మన్‌కి వాక్, కానీ రెండు అవుట్లు అయ్యాయి. ఫ్రీస్ మీద రెండు స్ట్రైక్‌లు. మా ఆవిడ హారతి పళ్లెం తీసుకొచ్చి నిలబడింది, ఒక్క స్ట్రైక్ పడితే టీవీకి హారతి ఇద్దామని.

ఫ్రీస్ కొట్టిన బంతి మన ఫీల్డర్ నెల్సన్ క్రూజ్ తల మీదుగా వెళ్లి గోడకి తగిలింది. ఇద్దరూ వచ్చేశారు. 7-7.

పదో ఇన్నింగ్స్‌లో మన హామిల్టన్ రెండు పరుగుల హోమ్ రన్ కొట్టి మళ్లీ ఆశ పెట్టాడు. మళ్లీ ఒక్క స్ట్రైక్ దూరంలో బర్క్‌మన్ సింగిల్‌తో సమం చేశాడు. పదకొండులో అదే ఫ్రీస్, మన పిచ్చర్ మార్క్ లో (Lowe) మీద హోమ్ రన్. 10-9. మర్నాడు ఏడో మ్యాచ్ 6-2తో పోయింది, అది నేను సగమే చూశాను.

ఇక నీ ప్రశ్న. నేను చూడలేకపోయాను తమ్ముడూ. అదే నిజం. తర్వాత రెండు సీజన్లు ఎనిమిదో ఇన్నింగ్స్ అయిపోగానే టీవీ కట్టేసి పొద్దున స్కోరు చూసుకునేవాణ్ణి. ఫెలిజ్ మీద చాలా కోపం ఉండేది. ఇప్పుడు తలచుకుంటే బాధేస్తుంది. ఆ కుర్రాడికి అప్పుడు 23 ఏళ్లు. ఫ్రీస్ కొట్టిన ఆ బంతి క్రూజ్ పట్టగలిగినదని చాలామంది అంటారు, నేనూ అంటాను. కానీ మా గదిలో ఆ రాత్రి క్రూజ్‌ని ఒక్కరూ తిట్టలేదు. బంతి విసిరినవాణ్ణే తిట్టాం.

ఉప్పల్_స్టాండ్

నేను హైదరాబాద్ నుంచి. మా అక్క వాళ్లు మెకిన్నీలో ఉంటారు, అక్కడికి వెళ్లినప్పుడు చూసి అలవాటైంది. ఇక్కడ తెల్లవారుజామున ఫోన్‌లో చూస్తాను. నాకు అర్థమైనంతలో క్లోజర్ అంటే మన డెత్ ఓవర్ల బౌలర్. 2016 ఫైనల్‌లో బెంగళూరు మీద మన సన్‌రైజర్స్ 208 కాపాడుకున్నప్పుడు భువనేశ్వర్, ముస్తాఫిజుర్ చివర్లో వేసినట్టు. కరెక్టేనా?

ఒక్కటి మాత్రం అర్థం కాదు. స్టార్టర్ బాగా వేస్తుంటే ఎందుకు తీసేస్తారు? రిలీవర్ కొట్టించుకుంటుంటే పాతవాణ్ణి మళ్లీ ఎందుకు తీసుకురారు?

లెక్కల_మాస్టారు

ఉప్పల్ గారూ, పోలిక దగ్గరదే, కానీ తేడా అంతా మీ రెండో ప్రశ్నలోనే ఉంది. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికి వెళ్లినవాడు ఆ మ్యాచ్‌లోకి మళ్లీ రాలేడు. భువీకి రెండు ఓవర్లు వేయించి ఆపి చివర్లో మళ్లీ పిలిచినట్టు ఇక్కడ కుదరదు. ప్రతి మార్పూ తిరుగులేని నిర్ణయం. 26 మంది జట్టులో పిచ్చర్లు 13 మందికి మించకూడదు. అందులో ఐదుగురు స్టార్టర్లు పోతే ఎనిమిది మందితో 162 మ్యాచ్‌ల చివరి ఇన్నింగ్స్‌లన్నీ లాక్కురావాలి. నిన్న, మొన్న వేసినవాడి చేయి ఈ రోజు పనికి రాదు. 2020 నుంచి ఇంకో నియమం వచ్చింది. వచ్చిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. మొదటివాడికే వాక్ ఇచ్చినా వెంటనే తీసేయలేం. స్టార్టర్‌ని తీసేది ఎందుకంటే ఒకే బ్యాటర్ మూడోసారి ఎదురైతే అతని బంతి చదివేస్తాడు, పైగా వంద బంతులు దాటిన చేయి అలిసిపోతుంది.

ఇప్పుడు మన 2023 లెక్క. ఆ రెగ్యులర్ సీజన్‌లో రేంజర్స్‌కి 30 సేవ్‌లు, 33 బ్లోన్ సేవ్‌లు (కాపాడలేక ఆధిక్యం పోగొట్టినవి). చేసినవాటికంటే చెడగొట్టినవే ఎక్కువ ఉండి వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు అంతకు ముందు లేదు. కోడూరు గారి కడుపులో తిప్పడంలో తప్పేమీ లేదు.

అయితే ఆ 33ని చూసి 33 మ్యాచ్‌లు ఓడామని అనుకోవద్దు. సేవ్ రావాలంటే మామూలుగా మూడు లేదా అంతకంటే తక్కువ పరుగుల ఆధిక్యంలో వచ్చి, కనీసం ఒక ఇన్నింగ్స్ వేసి, మ్యాచ్ ముగించాలి. 1969 నుంచి సేవ్ అనేది అధికారిక లెక్క. కానీ ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చినవాడు ఆధిక్యం పోగొడితే అతనికీ బ్లోన్ సేవ్ పడుతుంది. కాపాడితే మాత్రం వచ్చేది హోల్డ్, సేవ్ కాదు. అంటే మధ్యలో వచ్చేవాడికి ఆ కాలమ్‌లో నష్టమే తప్ప లాభం రాదు. పైగా ఆ తర్వాత మన బ్యాటింగ్ మళ్లీ గెలిపించిన రోజులున్నాయి. మొత్తం 90 గెలిచాం కదా.

ఇంకొకటి. బేస్‌ల మీద ఇద్దరుండగా వచ్చిన రిలీవర్ వాళ్లిద్దర్నీ రానిస్తే ఆ పరుగులు వెనకటి పిచ్చర్ ఖాతాలో పడతాయి. ఇతని సగటు శుభ్రంగా కనిపిస్తుంది. అందుకని రిలీవర్ల విషయంలో సగటు ఒక్కటే చూసి మంచివాడు, చెడ్డవాడు అనే మాట నేను ఒప్పుకోను.

ఫ్రిస్కో_అక్క

మాస్టారూ, లెక్కలు బాగున్నాయి కానీ ఆ ఆగస్టు మీరు చూశారా? వరసగా ఎనిమిది ఓటములు. ఆ పది రోజులు మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర మాటల్లేవు. సీజన్ చివరి రోజు సియాటిల్‌లో 1-0తో ఓడి, హ్యూస్టన్‌తో సమానంగా 90 గెలుపులున్నా డివిజన్‌లో (మన గుంపులో) మొదటి స్థానం వాళ్లకి వదిలేశాం. ఆ 33లో ఇంకొక్కటి నిలబడినా డివిజన్ మనదే కదా!

నా కోపం రిలీవర్ల మీద కాదు, జట్టు కట్టినవాళ్ల మీద. సీగర్‌కి పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లు, సెమియన్‌కి ఏడేళ్లకు 17.5 కోట్లు, డిగ్రామ్‌కి ఐదేళ్లకు 18.5 కోట్లు. మంచిదే, వాళ్లు లేకపోతే కప్పు లేదు. మరి చివరి తొమ్మిది అవుట్ల కోసం ఏం ఖర్చుపెట్టారు? సీజన్ మొదట్లో క్లోజర్ ఎవరో కూడా తేల్చలేదు. విల్ స్మిత్ ఆ పని ఎత్తుకుని 22 సేవ్‌లు చేశాడు, సెప్టెంబర్‌కి అలిసిపోయాడు. జూన్ 30న రిలీవర్ చాప్‌మన్‌ని తెచ్చారు, బదులుగా పిచ్చర్ కోల్ రేగన్స్‌ని కాన్సస్ సిటీకి ఇచ్చారు. రేగన్స్ మరుసటి ఏడాదికల్లా ఆల్‌స్టార్ అయ్యాడు. మా ఇంటికి రేంజర్స్ కింది జట్టు రఫ్‌రైడర్స్ మైదానం దగ్గరే. మన కుర్ర పిచ్చర్లు పైకి వెళ్లే ముందు అక్కడ ఆడేది చూస్తూ ఉంటాం కాబట్టి ఒక్కొక్కరు వెళ్లిపోతుంటే సొంత పిల్లల్ని పంపినట్టుంటుంది.

అయినా ఆ మార్పిడి తప్పని అనలేను. చాప్‌మన్ లేకపోతే అక్టోబర్ గడిచేది కాదు. ఇది నాలో నాకే తేలని విషయం.

హ్యూస్టన్_గోదారి

ఇది రేంజర్స్ చర్చ, నేను ఆస్ట్రోస్ మనిషిని, క్షమించండి. అల్టూవే హోమ్ రన్‌కి మా ఇంట్లో సోఫా ఎక్కి గెంతాం. కానీ కోడూరు గారు అడిగినదానికి నా దగ్గర ఒక సమాధానం ఉంది, చెప్పకుండా ఉండలేను.

2005 అక్టోబర్ 17. నేను హ్యూస్టన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. సెయింట్ లూయిస్ మీద ఐదో మ్యాచ్. గెలిస్తే మా జట్టు మొదటిసారి వరల్డ్ సిరీస్‌కి. తొమ్మిదిలో రెండు పరుగుల ఆధిక్యం, రెండు అవుట్లు, మౌండ్ మీద బ్రాడ్ లిడ్జ్. అతని స్లైడర్‌ని (చివర్లో పక్కకి తిరిగే బంతిని) ఎవరూ తాకలేకపోయేవారు. పుజోల్స్ తాకాడు. మూడు పరుగుల హోమ్ రన్, ఓడిపోయాం. ఆరో మ్యాచ్ గెలిచి సిరీస్‌కి వెళ్లాం గానీ అక్కడ రెండో మ్యాచ్‌లో చివరి బంతికి మళ్లీ లిడ్జ్ మీదే హోమ్ రన్. అందరూ ఇక అతని పని అయిపోయిందన్నారు. నేనూ అన్నాను.

2008లో ఫిలడెల్ఫియా తరఫున అతను రెగ్యులర్ సీజన్‌లో 41 సేవ్ అవకాశాల్లో 41 చేశాడు. పోస్ట్‌సీజన్‌లో (ఆ తర్వాతి నాకౌట్ దశలో) ఏడుకి ఏడు. 48కి 48! వరల్డ్ సిరీస్ చివరి స్ట్రైక్‌అవుట్ తీసి మౌండ్ మీద మోకాళ్ల మీద పడ్డాడు. వేరే జట్టు జెర్సీలో ఉన్నా నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అతను చెడిపోలేదు, ఒక చెడ్డ రాత్రి వచ్చింది, అంతే. మేము మూడేళ్లు ఆ ఒక్క రాత్రినే పట్టుకుని వేలాడాం.

అన్నట్టు అక్టోబర్ 20న మీ మీద ఆట ముగించిన మా రిలీవర్ ప్రెస్లీ మీ ఫ్లవర్ మౌండ్‌లో హైస్కూల్ చదివినవాడే. మీ చాప్‌మన్ సంగతి కూడా చెప్పాలి. 2019లో అతను యాంకీస్‌కి ఆడుతున్నప్పుడు ఇదే అల్టూవే అతని మీద హోమ్ రన్ కొట్టి మమ్మల్ని వరల్డ్ సిరీస్‌కి పంపాడు. ఆ గాయం తగిలినవాడు 2023లో మీ బుల్‌పెన్‌లోనే కూర్చుని ఉన్నాడు.

పాతకాపు_2011

గోదారి గారూ, క్షమాపణ ఎందుకండీ. లిడ్జ్ సంగతి 48కి 48 అని తెలియదు నాకు. చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను.

ఇర్వింగ్_కోడూరు

అందరికీ ధన్యవాదాలు. కారణం చెబుతానన్నాను కదా.

మా వాడికి పదకొండేళ్లు. 2023లో వాడికి పట్టిన పిచ్చి వదల్లేదు, ఇప్పుడు ఇక్కడ పిల్లల లీగ్‌లో ఆడుతున్నాడు. వాళ్లకి ఆరు ఇన్నింగ్స్‌లే. చేయి నిదానంగా ఉంటుంది గానీ సూటిగా వేస్తాడని కోచ్ వాణ్ణి చివరి ఇన్నింగ్స్‌కి దింపడం మొదలుపెట్టాడు. మూడు వారాలు బాగానే వేశాడు. పోయిన శనివారం ఒక పరుగు ఆధిక్యంలో వచ్చి, రెండు వాక్‌లు ఇచ్చి, ఆ తర్వాత కుడి వైపు గీత మీద పడిన బంతికి ఇద్దరూ వచ్చేశారు. ఓడిపోయారు. తోటి పిల్లలు ఏమీ అనలేదు. ఎవరో ఒక తండ్రి మాత్రం వాడికి వినిపించేలా ఒక మాట అన్నాడు.

ఇంటికొచ్చి గ్లవ్ గరాజ్‌లో పెట్టేశాడు. ఇక స్టార్టింగే వేస్తాను, లేకపోతే ఔట్‌ఫీల్డ్‌లో ఆడతాను, చివర్లో వేయను అన్నాడు. నేను ఏం చెప్పాలో తెలియక "పర్లేదులే నాన్నా" అన్నాను. "పర్లేదు కాదు, లెక్లర్క్‌కి అయినప్పుడు నువ్వు పర్లేదు అన్లేదు" అన్నాడు. నిజమే. ఆ రాత్రి కారులో నేనేమన్నానో వాడికి గుర్తుంది. లెక్లర్క్‌ని ఇక జట్టులో ఉంచకూడదని అన్నాను.

అందుకే అడిగాను. లిడ్జ్ గురించి ఈ రాత్రే చెబుతాను. ఇంకా ఏమైనా ఉంటే రాయండి.

ఫ్రిస్కో_అక్క

అయ్యో కన్నా. ఆ తండ్రెవరో గానీ పదకొండేళ్ల పిల్లాడి ముందు మాట జారకూడదు.

కోడూరు గారూ, మీరు వాడికి అక్టోబర్ 22 చూపించండి. 20న కాదు, 22న. ఆ ఆదివారం మేము బతుకమ్మ ఆడి వచ్చి చీరలు కూడా మార్చుకోకుండా టీవీ ముందు కూర్చున్నాం. హ్యూస్టన్‌లో ఆరో మ్యాచ్, ఓడితే ఇంటికే. ఎనిమిదో ఇన్నింగ్స్, 4-2. మన మేనేజర్ బోచీ ఎవరిని పిలిచాడు? లెక్లర్క్‌నే. రెండు రోజుల క్రితం అంత జరిగాక. నేను గట్టిగా "వద్దు" అని అరిచాను. బేస్‌లు నిండిపోయాయి. నేను చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయాను. మా అమ్మాయి అరుపు విని పరుగెత్తుకొచ్చేసరికి స్ట్రైక్‌అవుట్ అయిపోయింది. తర్వాతి ఇన్నింగ్స్‌లో గార్సియా బేస్‌లు నిండి ఉండగా హోమ్ రన్ కొట్టి 9-2 చేశాడు. అందరికీ ఆ హోమ్ రనే గుర్తుంది. నాకు వంటింట్లో ఉండి చూడని ఆ స్ట్రైక్‌అవుట్ గుర్తు.

బోచీ అప్పటికే మూడు కప్పులు గెలిచినవాడు. అందులో మొదటిది 2010లో మన మీదే. ఎవరి చేతికి బంతి ఇవ్వాలో అతనికి తెలుసు. నా అరుపు అతనికి వినపడకపోవడమే మంచిదైంది.

లెక్కల_మాస్టారు

అక్క చెప్పినదానికి కలుపుతాను. లెక్లర్క్ 2016 నుంచి 2024 దాకా ఇదే జట్టులో ఉన్నాడు. 2023 నాటికి మిగతా అందరికంటే పాతవాడు అతనే. జట్టు 102 మ్యాచ్‌లు ఓడిన 2021లో మోచేతి ఆపరేషన్‌తో సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. చెడ్డ రోజులన్నీ ఇక్కడే గడిపినవాడు. వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ గెలుపు అతని ఖాతాలోదే.

పిల్లాడికి ఇంకో పేరు చెప్పండి. జాష్ స్బోర్జ్. రెగ్యులర్ సీజన్‌లో అతని సగటు 5.50. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌లకు ఐదున్నర పరుగులు, అభిమానులు పేరు విని భయపడే అంకె. పోస్ట్‌సీజన్‌లో 12 ఇన్నింగ్స్‌లు వేసి ఒక్క పరుగే ఇచ్చాడు, 0.75. నవంబర్ 1న ఫీనిక్స్‌లో చివరి ఏడు అవుట్లూ అతనివే. చివరి బంతికి అవతలి బ్యాటర్ మార్టే బ్యాట్ కదపకుండా నిలబడిపోయాడు. రేంజర్స్ చరిత్రలో మొదటి కప్పుకి చివరి బంతి వేసింది 5.50 సగటున్న మనిషి.

విల్ స్మిత్ గురించి కూడా ఒక మాట. క్లోజర్ పని పోయింది, నిజమే. కానీ 2021లో అట్లాంటా, 2022లో హ్యూస్టన్, 2023లో టెక్సస్. మూడు వేరే జట్లతో వరసగా మూడు కప్పులు అందుకున్న మొదటి ఆటగాడు అతనే.

ఉప్పల్_స్టాండ్

ఆ నవంబర్ మ్యాచ్ నేను ఇక్కడ 2వ తేదీ పొద్దున చూశాను. ఐదున్నరకి మొదలైంది. స్బోర్జ్ వేస్తుంటే మా నాన్నగారు పేపర్ పక్కన పెట్టి "ఈ అబ్బాయి ఎవరు, ఊపిరి పీల్చుకోకుండా వేస్తున్నాడు" అన్నారు. ఇంతకు ముందు అర్థమయ్యేది కాదు, మాస్టారు చెప్పాక ఇప్పుడు అర్థమైంది. ఏడు అవుట్లు ఒక్కడితోనే వేయించడం ఎంత పెద్ద నమ్మకమో.

ఫీనిక్స్_ఎండ

ఆలస్యంగా వచ్చాను, నైట్ షిఫ్టులు. నేను అరిజోనా డైమండ్‌బ్యాక్స్ అభిమానిని. మీ సంతోషం అంతా మా మీదే జరిగింది కాబట్టి అవతలి వైపు నేను చెప్పాలి.

2023 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, అక్టోబర్ 27. తొమ్మిదిలో 5-3 మాది. మా క్లోజర్ పాల్ సీవాల్డ్ ఆ పోస్ట్‌సీజన్‌లో అప్పటిదాకా ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. నాకు టెన్షన్ అనేదే లేదు ఆ రాత్రి, చాయ్ పెట్టుకున్నాను. సీగర్ మొదటి బంతినే కుడి వైపు స్టాండ్‌లోకి కొట్టాడు. పదకొండులో గార్సియా. అయిపోయింది. ఆ తర్వాత ఇంట్లో మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం. చాలామంది ఇప్పటికీ సీవాల్డ్ పేరెత్తితే ఆ బంతే చెబుతారు. మమ్మల్ని అక్కడిదాకా తెచ్చింది కూడా అతని చేయే. ఆ మాట ఎవరూ అనరు.

పిల్లాడికి నేను చెప్పాలనుకున్నది 2001 వరల్డ్ సిరీస్ కథ. మా బ్యుంగ్-హ్యున్ కిమ్, కొరియా కుర్రాడు, 22 ఏళ్లు. న్యూయార్క్‌లో యాంకీస్‌తో నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఇంకొక్క అవుట్ దూరంలో, రెండు పరుగుల హోమ్ రన్ ఇచ్చి సమం చేయించుకున్నాడు. పదిలో వాళ్ల జీటర్ హోమ్ రన్‌తో ఓటమి. మర్నాడు ఐదో మ్యాచ్, మళ్లీ తొమ్మిది, మళ్లీ రెండు పరుగుల ఆధిక్యం, మళ్లీ ఒక్క అవుట్ దూరం. మళ్లీ హోమ్ రన్. అతను మౌండ్ మీదే కిందికి కూలిపోయాడు. మా మార్క్ గ్రేస్ పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. వరస రాత్రుల్లో ఒకే దెబ్బ.

ఆ సిరీస్ చివరికి ఎవరు గెలిచారు? మేమే. ఏడో మ్యాచ్ తొమ్మిదిలో మా మీద బంతి వేసింది యాంకీస్ క్లోజర్ మరియానో రివేరా. 652 సేవ్‌లతో అన్నిటికంటే పైన ఉన్న మనిషి, ఒక్క ఓటూ పోకుండా హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లినవాడు. అతనూ ఆ రాత్రి ఆధిక్యం పోగొట్టుకున్నాడు, చివరికి మా గొంజాలెజ్ చిన్న సింగిల్‌కి మ్యాచ్ కూడా పోయింది. ఒకే సిరీస్‌లో కిమ్‌కీ అదే జరిగింది, రివేరాకీ అదే జరిగింది. మీ అబ్బాయికి జరిగింది రివేరాకి జరిగిందే అని చెప్పండి. అబద్ధం కాదు కదా.

పాతకాపు_2011

అమ్మా ఫీనిక్స్, మీరు తేదీ రాసేదాకా నాకు తట్టలేదు. 2023 మొదటి మ్యాచ్ అక్టోబర్ 27. 2011 ఆరో మ్యాచ్ అక్టోబర్ 27. తొమ్మిదిలో రెండు పరుగులు వెనకబడినవాళ్లు సమం చేశారు, పదకొండులో హోమ్ రన్‌తో గెలిచారు. పన్నెండేళ్ల తర్వాత అదే రోజు, అదే ఇన్నింగ్స్, ఈసారి వైపు మారింది. 2011లో నా పక్కన కూర్చుని చూసిన ఐదుగురిలో ఇద్దరు ఇండియా వెళ్లిపోయారు, ఒకరు లేరు. ఇద్దరికీ ఇప్పుడే మెసేజ్ పెట్టాను.

ఫ్రిస్కో_అక్క

కోడూరు గారూ, పిల్లాడికి చెప్పారా? ఏమన్నాడు?

ఇర్వింగ్_కోడూరు

చెప్పానక్కా. మొత్తం రెండు రాత్రులు పట్టింది.

లిడ్జ్ కథ విన్నాడు గానీ పెద్దగా పట్టించుకోలేదు, మూడేళ్లు చాలా ఎక్కువ అన్నాడు. కిమ్ కథకి మాత్రం లేచి కూర్చున్నాడు. రెండో రోజు కూడా అతన్నే ఎందుకు పిలిచారు అని అడిగాడు. ఆ మేనేజర్‌కి నమ్మకం ఉంది కాబట్టి అన్నాను. "ఐదో మ్యాచ్ తర్వాత కూడా ఉందా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఆ తర్వాత కిమ్‌ని ఆ సిరీస్‌లో మళ్లీ దింపలేదని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. లెక్లర్క్‌ని దింపారు కదా అన్నాడు. దింపారు అన్నాను. అక్టోబర్ 22 వీడియో ఇద్దరం చూశాం. ఆ ఎనిమిదో ఇన్నింగ్స్ నాలుగుసార్లు వేయించుకున్నాడు. అక్కా, మీరు చూడని ఆ స్ట్రైక్‌అవుట్ కూడా నాలుగుసార్లూ చూశాం.

ఆ రాత్రి కారులో నేను అన్నది తప్పని కూడా వాడికి చెప్పాను. లెక్లర్క్‌ని అలా అనకూడదు అన్నాను. వాడు "నువ్వు అరిచినప్పుడు నేనూ మనసులో అదే అనుకున్నా" అన్నాడు.

నిన్న శనివారం మ్యాచ్. కోచ్‌తో ముందే మాట్లాడాను. వాడు చివర్లో వేయనంటున్నాడని చెబితే, బలవంతం చేయను, అడుగుతాను అన్నాడాయన. అడిగితే ఒప్పుకోలేదు. నాలుగో ఇన్నింగ్స్ వేస్తానన్నాడు. వేశాడు. ఒక వాక్, ఒక సింగిల్, పరుగు రాలేదు. చివరి ఇన్నింగ్స్ ఇంకో పిల్లాడు వేశాడు. ఆ అబ్బాయి ఆధిక్యం పోగొట్టాడు. మ్యాచ్ ఓడిపోయారు.

మావాడు డగౌట్ నుంచి అందరికంటే ముందు మౌండ్ దగ్గరికి పరుగెత్తాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు, అడిగితే చెప్పలేదు. కారెక్కాక వచ్చే శనివారం చివర్లో ఎవరు వేస్తారో కోచ్‌ని కనుక్కోమన్నాడు. గ్లవ్ ఇప్పుడు గరాజ్‌లో లేదు, వాడి మంచం కింద ఉంది.

హ్యూస్టన్_గోదారి

వచ్చే శనివారం ఎన్ని గంటలకండీ? ఆ వారాంతం మేము ఇర్వింగ్‌లో మా బావగారింటికి వస్తున్నాం. ఆస్ట్రోస్ టోపీ ఇంట్లోనే వదిలేసి వస్తాను.